పిస్టన్లు మార్చాలా, ఉంచాలా?

(సారపాకలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, మందుల ఖర్చుల గురించి మాట్లాడవలసిన పెద్దలు మాట్లాడారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఇంజన్లు. వాహనాల షెడ్డులో పానా పట్టుకుని ఉద్యోగం మొదలుపెట్టాను, అదే షెడ్డులో రిటైరయ్యాను. మనలో కొందరి ఇళ్ళ ముందు ఇంకా పాత అంబాసిడర్లు, పద్మినీలు, జీపులు ఉన్నాయి. అవి బోరుకొచ్చినప్పుడు నన్ను పిలిచి అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, పిస్టన్లు కొత్తవి వేయించమంటావా, ఉన్నవాటితోనే కానిచ్చేయమంటావా?" కార్యదర్శిగారు దానిమీదే నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఇది పైకి చిన్న ప్రశ్నే. కాని అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు ముందే, 2001 నాటికే వెళ్ళిపోయింది. ఇక మీదట కొత్త ఇంజను బ్లాకులు పుట్టవు. పిస్టన్ పాడయితే ఇంకొకటి దొరుకుతుంది. బ్లాకులో కోసేసిన ఇనుము మాత్రం తిరిగి రాదు. కాబట్టి పిస్టన్ మార్చే ప్రశ్న నిజానికి బ్లాకును కోయాలా వద్దా అనే ప్రశ్న. దీనికి జవాబు మెకానిక్ నోటిలో ఉండదు, బండి వయసులో ఉండదు. కొలతలో ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

మనం ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. "మనిషి బాగానే కనిపిస్తున్నాడు కదా" అంటే ఒప్పుకుంటున్నారా? రుజువు కావాలి. పిస్టన్‌కీ అంతే. మెరుస్తున్నంత మాత్రాన మంచిది కాదు, మసిబారినంత మాత్రాన చెడ్డదీ కాదు.

ముందుగా ఆడపడుచులకు, పిల్లలకు కూడా అర్థమయ్యేట్టు రెండు ముక్కలు చెబుతాను. బోరు అంటే ఇనుప బ్లాకులో గుండ్రటి గొట్టం. అందులో పైకీ కిందికీ ఆడే అల్యూమినియం ముక్క పిస్టన్. అల్యూమినియం వేడికి ఇనుముకన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు రెండింటి మధ్య కాస్త సందు వదలాలి. ఆ సందును మేము థౌలలో లెక్క కడతాం. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు రెండు మూడు థౌలు ఉంటుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను బోరు 73.025 మిల్లీమీటర్లు, పద్మిని 1089 సీసీ ఇంజనుది 68 మిల్లీమీటర్లు. అంతటి గొట్టంలో వెంట్రుక మందం సందు కోసం మన గొడవంతా! సందు తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే చల్లటి ఇంజనులో టకటక కొడుతుంది, ఆయిలు తాగుతుంది, నీలం పొగ వదులుతుంది.

ఇక పిస్టన్ పరీక్ష. బయటకు తీయగానే నంబరు వేసుకోవాలి. ఏ బోరుది ఆ బోరుకే పోవాలి. ఇవి దంపతుల్లాంటివి, ఇన్నేళ్ళు కలిసి అరిగినవి. తరువాత నాలుగు చూడాలి.

మొదటిది స్కర్టు, అనగా కింది భాగం. పిన్ను ఉన్న వైపు కాకుండా దానికి అడ్డంగా మైక్రోమీటరుతో కొలవాలి. పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు పూర్తి గుండ్రంగా ఉండదు. వేడెక్కాక గుండ్రమయ్యేట్టు కాస్త కోలగా తయారుచేస్తారు. ఈ సంగతి తెలియక పిన్ను వైపు కొలిచి "అరిగిపోయింది" అని మంచి పిస్టన్లను పారేయించినవారిని చూశాను.

రెండవది రింగుల గాడి. విరిగిన పాత రింగు ముక్కతో మసి గీకాలి, గాడి అంచులు మాత్రం చెక్కకూడదు. కొత్త రింగు పెట్టి ఫీలర్ గేజి దూర్చి చూడాలి. రెండు మూడు థౌలుంటే మంచిది. ఐదారు థౌలు దూరిందంటే గాడి అరిగినట్టే. అందులో ఎంత ఖరీదైన రింగు వేసినా నిలవదు. పై రింగు గాడే ముందుగా అరుగుతుంది.

మూడవది పిన్ను కూర్చునే చోటు. అక్కడ బీటలుంటాయి. కిరసనాయిలు పూసి తుడిచి సుద్ద రాయండి. బీట ఉంటే కాసేపటికి సుద్దమీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. అది కనిపించిన పిస్టన్‌ను మళ్ళీ ఇంజనులో పెట్టకండి.

నాలుగవది పిన్ను వదులు. చేత్తో ఆడిస్తే పైకీ కిందికీ కొట్టుకుంటే పనికిరాదు.

ఈ నాలుగూ నెగ్గినా సగం పనే అయినట్టు. మిగతా సగం బోరు. బోరు అంతటా ఒకేలా అరగదు. పై రింగు ఆగే చోట ఎక్కువ, కింద తక్కువ. ఆ పైన రింగు తాకని అంచు మాత్రం గట్టులా మిగిలిపోతుంది. ఆ గట్టు తీయకుండా కొత్త రింగులు వేస్తే పై రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది. కనుక బోర్ గేజితో పైన, నడుమ, కింద, ఒక్కోచోట నిలువునా అడ్డంగా కొలవాలి. నా షెడ్డు లెక్క ఇది: పైకీ కిందికీ తేడా ఐదు థౌల లోపు ఉంటే హోనింగ్ చేయించి కొత్త రింగులతో పాత పిస్టన్లే వేయవచ్చు. ఎనిమిది దాటితే రీబోరుకు పంపవలసిందే. మధ్యలో ఉంటే బండి ఎంత తిరుగుతుందో చూసి నిర్ణయించుకోవాలి. నెలకొకసారి రాములవారి దర్శనానికి గోదావరి దాటే బండికీ, రోజూ ఖమ్మం పోయి వచ్చే బండికీ ఒకే తీర్పు చెప్పకూడదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు రావడం మనలో చాలామంది కళ్ళారా చూశాం. మళ్ళీ 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. ఆ రెండవ వరదలో మన మిత్రుడొకరి అంబాసిడర్ నీళ్ళలో నానింది. నీళ్ళు తగ్గాక చూస్తే ఇంజను తిరగలేదు. ఒక ఊళ్ళో వర్కుషాపువారు విప్పి చూసి, "నాలుగు పిస్టన్లూ మార్చాలి, నలభై సైజు కొట్టించాలి" అన్నారు. కొలత ఏదీ కాగితం మీద లేదు. ఆ బండి వాళ్ళ నాన్నగారు కొన్నది. ఇంత ఖర్చు భరించేకన్నా పాత ఇనుముకు ఇచ్చేద్దామని ఇంట్లో మాట కూడా అయిపోయింది.

ఒక్కరోజు ఆగమని చెప్పి గేజి పట్టుకు వెళ్ళాను. ఆ ఇంజను అదివరకే ఒకసారి ఇరవై సైజు కొట్టినది. ఒకటి, రెండు, నాలుగు బోర్లలో అరుగుదల మూడు థౌలే. మూడవదానిలో మాత్రం వాల్వు తెరిచి ఉండి నీళ్ళు దిగాయి. రింగులు ఆగినచోట తుప్పు తిని గుంట పడింది. లోతు సుమారు ఎనిమిది థౌలు. ఇప్పుడు లెక్క చూడండి. ఇరవై నుంచి ముప్ఫైకి పోతే ఒక్కో పక్క పోయేది ఐదు థౌలే, గుంట మిగులుతుంది. నలభైకి పోతే ఒక్కో పక్క పది థౌలు పోయి గుంట చెరుగుతుంది. అంటే వర్కుషాపువారి మాట ఆ ఒక్క బోరు వరకు తప్పు కాదు. కాని దానికోసం ఆరోగ్యంగా ఉన్న మూడు బోర్లను కూడా చివరి సైజుదాకా కోయాలి. ఆ తరువాత ఇక కోయడానికేమీ ఉండదు.

అందుచేత మూడవ బోరుకు మాత్రం స్లీవు కొట్టించి, మళ్ళీ పాత పిస్టన్ సైజుకే కోయించాం. ఆ పిస్టన్ చూడటానికి అధ్వాన్నంగా ఉంది, రింగులు గాడిలో బిగిసిపోయాయి. నాలుగు రోజులు కిరసనాయిలు, ఆయిలు కలిపి నానబెట్టి తీశాం. కడిగి కొలిస్తే నాలుగు పరీక్షలూ నెగ్గింది. నాలుగు పాత పిస్టన్లూ, కొత్త రింగులతో, ఎవరి బోరులోకి అవే వెళ్ళాయి. ఆ బండి ఇప్పటికీ పొగ లేకుండా నడుస్తోంది.

అయితే పాతవే వేయమని పట్టుబట్టేవాడిని కాను నేను. గాడి అరిగినా, బీట ఉన్నా, స్కర్టు గీరుకుపోయినా, బోరు కోయవలసి వచ్చినా కొత్తవి వేయవలసిందే. అక్కడ పొదుపు చేస్తే మొదటికే మోసం. మద్రాసులో 1949లో ఇండియా పిస్టన్స్ కంపెనీ మొదలయ్యాక మన దేశంలోనే మంచి పిస్టన్లు తయారవుతూ వచ్చాయి. కొత్తవి వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

పిస్టన్లు చేతికి వచ్చాకనే బోరు కోయించండి. డబ్బామీద సైజును నమ్మి ముందే కోయించవద్దు. ఒక్కొక్క పిస్టన్‌నూ కొలిచి దానికి తగ్గట్టు కోయాలి. నాలుగింటినీ త్రాసులో తూచండి, బరువులో తేడా రెండు మూడు గ్రాములు మించకూడదు. అంబాసిడర్ డీజిలు ఇంజను కూడా ఒకప్పుడు 1489 సీసీయే, వ్యాసం ఒకటే, పిస్టన్ తల మాత్రం వేరు. వ్యాసం కలిసింది కదా అని తీసుకోకండి. ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజనును ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో కూడా పెట్టారు. విదేశాలనుంచి తెప్పించుకునేవారు కూడా పాత పిస్టన్ పక్కన పెట్టి తల ఎత్తు, పిన్ను ఎత్తు సరిచూసుకోవాలి. రింగును ఒంటరిగా బోరులో దింపి, దాని రెండు కొనల మధ్య సందు చూడాలి. అంబాసిడరుకు తొమ్మిది నుంచి పన్నెండు థౌలు సరిపోతుంది. హోనింగ్ అయ్యాక బోరును సబ్బునీళ్ళతో, తెల్లగుడ్డ తెల్లగానే బయటికి వచ్చేదాకా కడగాలి. మిగిలిన రాపిడి పొడి కొత్త రింగులను నెలల్లోనే తినేస్తుంది. మన ప్రాంతంలో బొగ్గు లారీల దుమ్ము, అడవి బాటల ఎర్రదుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు. ఎయిర్ క్లీనర్లో ఆయిలు మార్చని బండికి ఏ పిస్టనూ నిలవదు.

చివరగా కాగితాల సంగతి. ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకంలో ఉంటుంది. బ్లాకు పాడుచేసుకుని వేరే ఇంజను ఎక్కిస్తే రవాణా ఆఫీసులో నమోదు చేయించాలి. పైగా 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండికే ఆ గుర్తింపు. మన బండ్లలో కొన్ని ఆ వయసుకు వచ్చాయి, కొన్ని రాబోతున్నాయి. పుట్టుకతో వచ్చిన బ్లాకును కాపాడుకోవడానికి ఇది ఇంకో కారణం.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇంజను విప్పినప్పుడు మెకానిక్‌ను పిస్టన్ల ధర అడిగే ముందు కొలతలు అడగండి. పదహారు పిస్టన్ పరీక్షలు, నాలుగు బోర్ల కొలతలు ఒక కాగితం మీద రాయించుకుని బండి పుస్తకంలో పెట్టుకోండి. రాసివ్వని చోట బ్లాకు దించవద్దు. నా మైక్రోమీటరు, బోర్ గేజి ఈ నెలనుంచి సంఘం ఆఫీసు బీరువాలో ఉంచుతున్నాను. కావలసినవారు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకువెళ్ళవచ్చు. వాడటం తెలియని కుర్రవాళ్ళుంటే ఆదివారం ఉదయం రండి, నేర్పుతాను.