పరీక్షలయ్యాక అడిగితే ఎవరికి లాభం?



తెలుగు శాఖల సదస్సులో అధ్యక్షస్థానంలో కూర్చున్నవారు ఖాళీ పోస్టుల గురించి బాధపడటం రివాజు. ఆ బాధ నాకూ ఉంది. అయితే ఇవాళ ప్రభుత్వం చేయాల్సిన పని వదిలి, మనం చేయగల పని ఒకటి మాట్లాడతాను. మన పాఠం ఎలా ఉందో పిల్లల్ని అడగడం.

అడుగుతూనే ఉన్నాం కదా అంటారు. నిజమే, విద్యాసంస్థల్ని మదింపు చేసే న్యాక్ బృందం వస్తుందంటే అడుగుతాం. 2017లో సవరించిన న్యాక్ విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వే చేరింది. ఇరవై ప్రశ్నలకు సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు, చివర ఒక్క ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు. అంకెలు సగటులవుతాయి, రంగుల పటాలవుతాయి, ఫైల్లో చేరతాయి. పనికొచ్చేది ఆ చివరి జవాబు. దాన్ని ఓపిగ్గా చదివేవారే తక్కువ.

అంకెల సంగతి ఇంకొకటి ఉంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక ఆన్‌లైన్ కోర్సు చెప్పిన ఇద్దరు, ఒక స్త్రీ, ఒక పురుషుడు, తమ బృందాల్లో ఒకదానికి రెండోవారి పేరుతో పాఠం చెప్పారు. 2015లో అచ్చయిన ఆ అధ్యయనంలో, చెప్పింది ఎవరైనా మగపేరుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. పేరు వినగానే కులం ఆరా తీసే మన చోట, ఆ సగటుల్ని బట్టి ఎవరి పదోన్నతినీ తేల్చకూడదు.

పైగా మన న్యాక్ సర్వే వచ్చేసరికి పాఠాలు అయిపోతాయి. చెప్పిన పిల్లలకు దక్కేదేమీ ఉండదు.

మా శాఖలో చిన్న పద్ధతి పెట్టుకున్నాం. సెమిస్టర్ మధ్యలో, క్లాసు చివర, పేరు రాయని చీటీ మీద రెండు ప్రశ్నలు: ఏది అర్థమైంది, ఎక్కడ ఆగిపోయారు? ఎం.ఏ. మొదటి ఏడాదిలో చిన్నయసూరి బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం నడుస్తోంది. డిగ్రీలో బి.కాం., బి.యస్సీ. చదివి, తెలుగును ద్వితీయ భాషగా మాత్రమే చదివినవాళ్లు అందులో ఉన్నారు. ఒక చీటీలో ఇలా ఉంది: ‘ద్రుతం ఏమిటో తెలియకుండానే సరళాదేశ సంధిలోకి వచ్చేశాం.’ ఇంకొకటి: ‘సూత్రం నోటికి వచ్చింది. పద్యం ఇస్తే అందులో అది కనపడటం లేదు.’ మూడోది వెనక బెంచీది: ‘ఫ్యాను చప్పుడే వినపడుతోంది సార్.’

ఫ్యాను మరునాడే బాగైంది. మిగతా రెండింటికి పాఠమే మారింది. సూత్రాన్ని పక్కన పెట్టి, ‘చూచెను కొండ’ అన్నది పద్యంలో ‘చూచెఁ గొండ’ ఎలా అయిందో ముందు అడిగాం. అలాంటివి పిల్లలే పద్యాల్లో వెతికి తెచ్చాక ద్రుతప్రకృతికాల గురించి చెప్పాం. చిన్నయసూరి క్రమం తప్పని కాదు. దాన్ని అందుకోవడానికి మెట్టు ఒకటి కావాల్సి వచ్చింది, అంతే.

పిల్లలు అడిగిందల్లా చేయమని కాదు. ‘నోట్సు చెప్పి రాయించండి’ అన్న చీటీలు ప్రతి ఏడాదీ వస్తాయి. ఆ పని చేయం. ఎందుకు చేయమో మరుసటి క్లాసులో చెబుతాం. ఏది మారుతుందో, ఏది మారదో వాళ్ల ముందు చెప్పకపోతే, రెండోసారి చీటీల్లో ‘అంతా బాగుంది’ అనే రాస్తారు.

చీటీ మీద పేరు లేకపోయినా, ఇరవైమంది ఉన్న క్లాసులో చేతిరాత పట్టేయడం ఎంతసేపు? ఇంటర్నల్ మార్కులు వేసేది మనమే కదా. అందుకే చీటీలు వేరే అధ్యాపకుడు చదివి, సారాంశం మాత్రం పాఠం చెప్పినవారికి ఇచ్చి, వారితో కూర్చుని మాట్లాడాలి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. పరిశోధకుడు పీటర్ కోహెన్ విద్యార్థుల అభిప్రాయాల మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్ని కలిపి చూసి 1980లో తేల్చిందేమంటే, సెమిస్టర్ మధ్యలో అందిన అభిప్రాయాన్ని మరొకరితో చర్చించిన అధ్యాపకులు, కాగితం మాత్రమే అందుకున్నవారికంటే ఎక్కువ మెరుగయ్యారని. ఒకరి క్లాసులోకి ఒకరు తొంగిచూడని మన శాఖల్లో ఇలా కలిసి కూర్చోవడమే కష్టమైన పని.

ఈ సెమిస్టర్‌లోనే, ఒక్క పేపరుకైనా ఇది మొదలుపెట్టండి. వచ్చే సదస్సుకు పత్రాలతో పాటు మీ విద్యార్థుల చీటీల సారాంశాలూ తీసుకురండి. వాటి చర్చకు ఒక పూట కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.