పాలడబ్బా కొలత



మా అర్థశాస్త్రం మాస్టారు ఇంటర్‌లో ద్రవ్యం పాఠం మొదలుపెట్టేటప్పుడు నిర్వచనం చెప్పేవారు కాదు. జేబులోంచి పదిరూపాయల నోటు తీసి బల్లమీద పెట్టి, "రేపు తెల్లారేసరికి ఇది చెల్లదంటే ఎదురు హోటల్లో టీ ఎట్లా తాగుతావురా?" అనేవారు. "అరువు పెడతాం సార్" అనేవాళ్లం తెలివిగా. "అరువు దేంట్లో రాసుకుంటాడు? రూపాయల్లోనేగా!" అనేసరికి మా నోళ్లు మూతపడేవి.

ఆ ప్రశ్న ఒక దేశం మొత్తానికి నిజంగానే ఎదురైందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ దేశం కంబోడియా. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

1975 ఏప్రిల్ 17న కమ్యూనిస్టు తిరుగుబాటుదారులైన ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని ఫ్నామ్‌పెన్‌లోకి వచ్చాయి. కొద్దిరోజుల్లోనే ఊరు ఊరంతా ఖాళీ. సుమారు 20 లక్షల మందిని, ఆస్పత్రుల్లో ఉన్న రోగులతో సహా, పల్లెలకు నడిపించారు. డబ్బు రద్దు, అంగడి రద్దు, సొంత ఆస్తి రద్దు. కేంద్రబ్యాంకు భవనాన్ని పేల్చేస్తే నోట్లు వీధిలో చెత్తలా కొట్టుకుపోయాయి. విచిత్రం చూడండి, ఆ ప్రభుత్వం కూడా చైనాలో కొత్త నోట్లు అచ్చువేయించుకుంది. తీరా వాటిని చలామణిలో పెట్టనే లేదు.

ఆ రోజుల్లో మనిషి ప్రాణానికి కొలత పాలడబ్బా. మన పల్లెల్లో సోల, మానిక ఎట్లాగో అక్కడ ఖాళీ పాలడబ్బా అట్లా. అందులో పావుకిలో అటూ ఇటూ బియ్యం పడతాయి. రోజుకి మనిషికి ఎన్ని డబ్బాలు, లేక ఒక్క డబ్బా ఎంతమందికి అన్న లెక్క మీదే బతుకు నడిచింది. చాలామందికి ఆ కాస్త బియ్యం కూడా దక్కలేదు. మూడేళ్ల ఎనిమిది నెలల్లో ఆకలికి, జబ్బుకి, హత్యలకి పోయినవారు 15 లక్షల నుంచి 20 లక్షల మధ్య ఉంటారని చరిత్రకారుల అంచనా.

1979 జనవరి 7న వియత్నాం సైన్యం రాజధానిని పట్టుకుంది. కొత్త ప్రభుత్వానికి ఖజానా లేదు, నోటు లేదు, జీతాలపట్టీ లేదు, జీతాలపట్టీ రాయగల గుమాస్తా కూడా అరుదే. న్యాయవాదులను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉద్యోగులకు జీతంగా బియ్యం, మొక్కజొన్నలు ఇచ్చారు. అప్పుడు ఆ పాలడబ్బానే మళ్లీ తెరమీదికి వచ్చింది, ఈసారి డబ్బుగా. సబ్బుకి ఇన్ని డబ్బాలు, గుడ్డముక్కకి ఇన్ని డబ్బాలు. పెద్ద బేరాలకు, నేలలో పాతిపెట్టి దాచుకున్న బంగారం. సరిహద్దుల్లో థాయ్ సరుకులు, వియత్నాం డాంగు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఏ చట్టమూ రాలేదు. ఆకలి కొలతని జనమే మారకపు కొలతగా మార్చుకున్నారు. మాస్టారు ఉండి ఉంటే ఇక్కడ కాసేపు ఆగేవారు. నేనూ అందుకే ఆగాను.

1980 మార్చి 20న రియల్ నోటు మళ్లీ వచ్చింది. మార్పిడికి పాత నోటంటూ లేదు కాబట్టి కొత్తదాన్ని ఉచితంగా పంచారు, జీతాల్లో ఇచ్చారు. నమ్మకం కుదిరేందుకు ఒక రియల్ అంటే కిలో బియ్యం అన్నారు. 4 రియల్‌లు ఒక డాలరన్నారు. జనం మొదట్లో అనుమానంగా చూసినా వాడకంలోకి తెచ్చుకున్నారు. డబ్బు తిరిగి రావడానికి ఏడాది పైచిలుకే పట్టింది. ఎందుకంటే అది ప్రతి ఇంటికీ కావాలి, ప్రభుత్వానికి మరీ కావాలి.

పొలం పట్టా సంగతి వేరు. పాత పహాణీ కోసం, అడంగల్ కోసం తాలూకాఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. కంబోడియాలో ఆ రికార్డులే మిగల్లేదు. రాజధానిలో ఎవరు ముందు చేరితే ఇల్లు వాళ్లది, అందులోనూ కొలువు దొరికినవాడికి ముందు. 1989లో సొంత ఆస్తిని మళ్లీ ఒప్పుకున్నప్పుడు, 1979కి ముందునాటి హక్కులేవీ చెల్లవన్నారు. ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వారిదే. కాగితాలు కాలిపోయి, యజమానుల్లో చాలామంది చచ్చిపోయిన చోట మరోదారి ఏముంది అని అడగొచ్చు. నాకూ తోచదు. కానీ ఆ నిర్ణయం ఎవరికి కలిసొచ్చిందో చూడకుండా ఉండలేం.

మరో పక్క, 1979 తర్వాత కూడా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీ ఖ్మేర్ రూజ్ చేతిలోనే, ఆపై వాళ్లున్న కూటమి చేతిలో ఉండిపోయింది. దాంతో ఫ్నామ్‌పెన్ ప్రభుత్వానికి పాశ్చాత్య దేశాల అభివృద్ధి సాయం దాదాపు అందలేదు. 1980లో మన దేశం ఆ ప్రభుత్వాన్ని గుర్తించింది. తర్వాత మన పురావస్తు శాఖ వాళ్లు వెళ్లి ఆంగ్‌కోర్ వాట్ మరమ్మతులు చేశారు.

1991 అక్టోబరులో పారిస్ ఒప్పందం కుదిరింది. సమితి అన్‌టాక్ పేరిట ఇరవై వేలకు పైగా సైనికులను, పౌర సిబ్బందిని దింపింది. అధిపతి జపాన్‌కు చెందిన యసుషి అకాషి. విదేశాంగం, రక్షణ, ఆర్థికం, పోలీసు, సమాచారం - ఈ అయిదు శాఖలు వారి పర్యవేక్షణలోకి రావాలి. కాగితం మీద వచ్చాయి కూడా. గదుల తాళంచెవులు మాత్రం పాత గుమాస్తాల మొలల్లోనే ఉన్నాయి. సరిహద్దు శిబిరాల నుంచి మూడున్నర లక్షలకు పైగా శరణార్థులు ఇళ్లు చేరారు, అది నిజంగా గొప్ప పని. ఆ సిబ్బంది ఖర్చుపెట్టిన డాలర్లు మాత్రం అంగట్లో రియల్‌ని పక్కకు నెట్టేశాయి.

1993 మేలో ఎన్నికలు. ఓటర్లలో దాదాపు 90 శాతం మంది వరుసల్లో నిలబడ్డారు. 120 స్థానాల్లో యువరాజు నరోదం రణరిద్ధ్ పార్టీకి 58, అప్పటిదాకా ప్రధానిగా ఉన్న హున్ సేన్ పార్టీకి 51. గెలిచినవాడు ప్రధాని కావాలి కదా? సైన్యం, పోలీసు, జిల్లా ఆఫీసులు ఓడినవాడివి. కొన్ని తూర్పు ప్రాంతాలు విడిపోతామని బెదిరించాయి. రణరిద్ధ్ తండ్రి సిహనూక్ రాజీ చేసి ఇద్దరు ప్రధానులను నిలబెట్టాడు, మొదటి ప్రధాని, రెండో ప్రధాని. ఒక ఒరలో రెండు కత్తులు. 1997 జులైలో వీధుల్లో ట్యాంకులు తిరిగాయి, రెండో కత్తే మిగిలింది.

ఎన్నికలు తొందరపడి పెట్టారని చాలామంది రాశారు. నాకు అది సగం జవాబే అనిపిస్తుంది. ఓటు లెక్కపెట్టడానికి బయటివాళ్లను తెచ్చుకోవచ్చు. ఖజానా తాళాన్ని, పట్టాల పుస్తకాన్ని, న్యాయమూర్తి కుర్చీని ఓడినవాడి చేతిలోంచి తీసుకోవడానికి ఎవరిని తెస్తాం? అధికారంలో ఉన్నవాడికి అవసరమైన సంస్థ త్వరగా లేస్తుంది. వాడిని ఆపే సంస్థ లేవదు, లేచినా వాడు చెప్పినట్టే వింటుంది.

బంగ్ కాక్ కథ వినండి. ఫ్నామ్‌పెన్ నడిబొడ్డున చెరువు, గట్ల మీద కొన్ని వేల కుటుంబాలు. 2001లో మంచి భూచట్టం వచ్చింది. ప్రపంచబ్యాంకు డబ్బుతో పట్టాల పథకమూ నడిచింది. ఆ పథకంలో ఆ గట్లవాళ్లకు పట్టాలు రాలేదు. 2007లో చెరువునే ఒక ప్రైవేటు కంపెనీకి 99 ఏళ్ల కౌలుకిచ్చారు, తర్వాత ఇసుకతో పూడ్చారు. 2011లో ప్రపంచబ్యాంకు కొత్త అప్పులు ఆపింది. చెరువు తిరిగి రాలేదు.

కోర్టుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఖ్మేర్ రూజ్ నాయకుల విచారణకు సమితితో కలిసి పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం 2006 నుంచి 2022 దాకా నడిచి, 30 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసి, ముగ్గురికి శిక్ష వేసింది. ప్రధాన ప్రతిపక్షాన్ని రద్దుచేయడానికి దేశ సుప్రీంకోర్టుకు 2017లో అన్నేళ్లు అక్కర్లేకపోయింది. మరుసటి ఏడు ఎన్నికల్లో మొత్తం 125 స్థానాలూ పాలకపక్షానివే.

రియల్ ఇంకా ఉంది. ఇవాళ డాలరుకు నాలుగు వేలు అటూ ఇటూ. ఫ్నామ్‌పెన్ దుకాణాల్లో డాలర్లలో బిల్లు కట్టి, చిల్లర రియల్‌లలో తీసుకోవడం మామూలే. అమెరికా నాణేలు అక్కడ చెల్లవు మరి. కొంచెం చిరిగిన డాలరు నోటు ఇస్తే దుకాణదారు వెనక్కి ఇచ్చేస్తాడు. చిరిగిన రియల్‌ని మాత్రం మాట్లాడకుండా గల్లాపెట్టెలో వేసుకుంటాడు.