మన కరెంటు లెక్క మన ముందటనే తేలాలె

(రామకృష్ణాపూర్‌ల జరిగిన రైతుల సమావేశంల ఒక రైతు కార్యకర్త మాట్లాడిన మాటలు)



పత్తి రేటు గురించి, యూరియా గురించి నాకంటే ముందు మాట్లాడినోళ్లు చెప్పిన్రు. నేను కరెంటు గురించి చెప్త. కరెంటు ఫ్రీయే గదా, ఇంక మాట్లాడేదేమున్నదని కొందరు నవ్వుతున్నరు. ఫ్రీ అంటే మనం కడుతలేం అని. మన పేరు మీద సర్కారు కడుతది. ఎంత కట్టాలె, ఏ లెక్క మీద కట్టాలె అన్నది వేరే కాడ తేలుతది. ఆ కాడికి మనం పోతలేం. అదే నా బాధ.

ముందు మన చుట్టూ చూడున్రి. కాళ్ల కింద బొగ్గు. గోదావరి అవతల రామగుండంల 1983 నుంచి ఎన్టీపీసీ. ఇవతల జైపూర్‌ల సింగరేణి 1200 మెగావాట్ల ప్లాంటు. 1971ల మొదలైన రామగుండం బి స్టేషన్, 62.5 మెగావాట్లది, 2024ల మూతపడ్డది. ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నయి. ఇక్కడ మందమర్రిల సింగరేణి భూమిలనే సోలార్ ప్లాంటు ఉన్నది. కాబట్టి ఎండ కరెంటు వస్తదా రాదా అన్న ముచ్చట అయిపోయింది. అండ్ల మన బాయి మోటరు యాడ ఉన్నదన్నదే అడగాలె.

2004ల ఉచిత కరెంటు వచ్చినప్పుడు మేమంత సంతోషపడ్డం. కానీ గంటలు లెక్కపెట్టి ఇచ్చేది, అది కూడా విడతలుగా. మా వంతు అర్ధరాత్రి దాటినంక పడేది. చేతిల బ్యాటరీ, ఒడ్డు మీద పాములు. మా పక్క చేనాయన ఒకరాత్రి తడి కాళ్లతోని స్టార్టర్ డబ్బా ముట్టిండు. తెల్లారి చూసినం. ఆయన భార్య ఇప్పటికీ కైకిలి పోతది. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు అన్నప్పుడు నాకు ముందు యాదికొచ్చింది ఆయనే.

ఇప్పుడు అసలు సంగతి. ఎండ కరెంటు పెరిగినకొద్దీ పగలు కరెంటు చౌక అయితది, పొద్దుగూకినంక పిరమైతది. అంటే సర్కారుకు చౌకగ పడే గంటలు, మనం నీళ్లు పెట్టుకునే గంటలు ఒక్కటే. ఐదు హెచ్‌పీ మోటరు గంట నడిస్తే నాలుగు యూనిట్లకు అటు ఇటు కాలుతది. ఒక మెగావాట్ సోలార్ మంచి ఎండల రెండు వందల మోటర్లను నడుపుతది. సబ్‌స్టేషన్ పక్కన రెండు మూడు మెగావాట్లు ఉంటే ఆ ఊర్ల వ్యవసాయ ఫీడర్లు పగలంత అక్కడి కరెంటుతోనే నడుస్తయి. దూరం నుంచి తెచ్చే నష్టం కూడా తగ్గుతది.

మరి ఆ ప్లాంటు ఎవరు పెట్టాలె? పీఎం కుసుం కింద రైతులే పెట్టుకోమంటున్నరు. అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా. యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు, 25 ఏండ్ల ఒప్పందం. లెక్క కట్టి చూడున్రి. ఒక మెగావాట్‌కు నాలుగు ఎకరాలు. ఏడాదికి 15 లక్షల యూనిట్లు వస్తే 47 లక్షలు. వినడానికి బాగున్నది. పెట్టుబడి మూడు కోట్లకు పైమాటే. రెండెకరాల రైతుకు కోటిన్నర ఏ బ్యాంకు ఇస్తది? రైతు పేరు మీద పెట్టి వెనుక ఇంకొకడు నడుపుతడు. సొంతభూమి ఉన్నాయన లీజుకిస్తే కిరాయి ఆయనకొస్తది, దాన్ని కౌలు చేసుకునేటోడు బయట పడ్తడు. ఈ మాట ఎవరూ ఎత్తుతలేరు.

నది దాటితే మహారాష్ట్ర. అక్కడ 2017 నుంచే వ్యవసాయ ఫీడర్లకు పగటి సోలార్ పథకం నడుస్తున్నది. ప్రైవేటు భూమి తీసుకుంటే హెక్టారుకు ఏడాదికి లక్షా పాతిక వేలు కిరాయి, ఏటా 3 శాతం పెంపు అని ముందే రాసిపెట్టిన్రు. అంత బాగున్నదని నేను అంటలేను. కానీ రేటు కాయితం మీద ఉన్నది, అడగొచ్చు. మన బెల్టుల అయితే పంట భూమి జోలికే పోవద్దు. బొగ్గు తీసినంక సింగరేణి దగ్గర భూములున్నయి, మట్టి గుట్టలున్నయి. సోలార్ ముందు అక్కడ పెట్టున్రి, మన ఫీడర్లకు కలపున్రి అని మనం అడగాలె.

ఇగ అడిగేది యాడ? మంత్రిని అడుగుతం, ఎమ్మెల్యేను అడుగుతం. కరెంటు రేటు, కొనుగోలు ఒప్పందాలు తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి. ఉమ్మడి రాష్ట్రంల 1999ల వచ్చింది. 2000 సంవత్సరంల కరెంటు చార్జీలు పెంచినప్పుడు ఆగస్టు 28న బషీర్‌బాగ్‌ల కాల్పులైనయి, ముగ్గురు చనిపోయిన్రు. అది మీకందరికీ యాదుంటది. ఆ పెంపుకు ముందు కూడా బహిరంగ విచారణ జరిగిందన్నది మాత్రం మనల చాలా మందికి తెల్వదు. 2003 చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ప్రజల అభ్యంతరాలు చూడకుండ మండలి రేటు తేల్చొద్దు. 65వ సెక్షన్ ప్రకారం, సర్కారు ఎవరికన్న సబ్సిడీ ఇస్తే ఆ పైసలు ముందుగాలనే కట్టాలె.

మన మోటర్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల కాడ మీటర్లు పెట్టి, దాన్ని బట్టి మొత్తం రాష్ట్రానికి అంచనా కడుతరు. లైన్ల నష్టం, దొంగ కరెంటు ఎంత, మనం వాడింది ఎంత అని వేరుచేసుడు కష్టం. ఎక్కువైందంత రైతుల ఖాతాల రాస్తే అడిగేటోడెవడు? హైదరాబాద్‌ల ఎం. వేణుగోపాలరావు గారి లాంటోళ్లు ఏండ్ల తరబడి ప్రతి విచారణకు పోయి అడుగుతున్నరు. మోటరు నడిపే మనం ఆ కుర్చీలల్ల కనబడం.

ఇప్పుడు ఇంకో సంగతి మీదికొచ్చింది. 2025 నవంబర్‌ల రాష్ట్ర మంత్రివర్గం మూడో డిస్కంకు ఒప్పుకున్నది. వ్యవసాయ కనెక్షన్లన్నీ అందుల పోతయంటున్నరు. మంచిదో చెడ్డదో ఇప్పుడే తీర్పు చెప్ప. కానీ దుకాణాల బిల్లు, ఫ్యాక్టరీల బిల్లు వచ్చే కంపెనీల నుంచి మనల్ని వేరు చేస్తే, ఆ కొత్త కంపెనీకి పెద్ద రాబడి సర్కారు పైసలే. అవి మూడు నెలలు ఆలస్యమైతే మనకోసం కరెంటు ఎవరు కొంటరు? కొత్త కంపెనీకి లైసెన్సు ఇచ్చే ముందు కూడా మండలి అభ్యంతరాలు వినాలె. అందుకే ఇప్పుడే రాయాలె. సబ్సిడీ ముందు జమ కావాలె. పగటిపూట తొమ్మిది గంటలకు తక్కువ గాకుండ త్రీ ఫేజ్ రావాలె, అది లైసెన్సు షరతుల ఉండాలె. వ్యవసాయ వాడకం లెక్క ఫీడర్ వారీగ బయట పెట్టాలె.

రాసుడు కష్టమేం కాదు. తెలుగుల రాయొచ్చు. పేరు, ఊరు, సర్వీసు నంబరు, ఏ ఫీడరు, మీ అభ్యంతరమేంది. మండలి కార్యదర్శికి ఒకటి, డిస్కంకు ఒకటి. కింద “నేను విచారణకు వచ్చి మాట్లాడుత” అని ఒక లైన్ తప్పకుండ రాయున్రి. డిస్కంలు ఏటా నవంబర్ చివరికి లెక్కలు వేయాలె, కొత్త రేట్లు ఏప్రిల్ 1 నుంచి. నడుమ మనకు దొరికే టైము కొన్ని వారాలే. విచారణ హనుమకొండల పడితే, పొద్దున రైలుకు పోయి రాత్రికి రావొచ్చు.

కాయితాలు మన పిల్లలు తెచ్చిన్రు, అటు బల్ల మీద ఉన్నయి. సర్వీసు నంబరు యాదిలేనోళ్లు ఇంటికి పోయినంక స్టార్టర్ డబ్బా మీద చూసి రాయున్రి. రాసినంక ఆదివారం లోపల నాకు ఇయ్యున్రి.