బుక్కులో ఆఫ్, చిప్‌లో ఆన్! పవర్ డొమైన్ డ్రైవర్ రివ్యూలో ఏం చూడాలి?

ఈ రోజు టాపిక్ కొంచెం లోతైనదే, కానీ కోడింగ్ రాకపోయినా అర్థమయ్యేలా చెప్తాను. లైనక్స్ కెర్నెల్‌లో పవర్ డొమైన్ డ్రైవర్‌ని రివ్యూ చేసేటప్పుడు ఏం చూడాలి? ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేది లైనక్స్ కెర్నెలే కాబట్టి, ఇది మీ బ్యాటరీ సంగతి కూడా.

ముందు పవర్ డొమైన్ అంటే ఏంటో చూద్దాం. ఫోన్‌లో చిప్ ఒకటే అయినా లోపల జీపీయూ, కెమెరా, వీడియో, డిస్‌ప్లే అని వేర్వేరు బ్లాకులు ఉంటాయి. మీరు పాటలు వింటున్నప్పుడు కెమెరా బ్లాకుతో పని లేదు. దాని క్లాక్ ఆపేస్తే సరిపోతుందా? సరిపోదండీ. క్లాక్ ఆగినా, సప్లయ్ ఉన్నంతసేపూ ట్రాన్సిస్టర్లలోంచి కరెంటు లీక్ అవుతూనే ఉంటుంది, కారే కుళాయి లాగా. అందుకే ఆ బ్లాకుకి సప్లయే కట్ చేస్తారు. అలా కలిసి ఆన్, ఆఫ్ అయ్యే భాగమే పవర్ డొమైన్.

లైనక్స్‌లో దీనికి జెన్‌పీడీ అనే ఫ్రేమ్‌వర్క్ ఉంది, 2011లో వచ్చింది. ఏ డొమైన్‌ని ఎవరు వాడుతున్నారు, ఎప్పుడు ఆఫ్ చేయొచ్చు అనే లెక్కంతా దానిదే. 2023లో ఈ డ్రైవర్లకి ప్రత్యేకంగా ఒక ఫోల్డర్ పెట్టి జెన్‌పీడీ అనే పేరిస్తే, ఆ పేరు చూసి ఏమీ అర్థం కాదని లైనస్ టోర్వాల్డ్స్ అభ్యంతరం చెప్పారు. దాంతో ఆ ఫోల్డర్ పేరు పీఎండొమైన్ అయింది.

ఇక డ్రైవర్. ముఖ్యంగా రెండే ఫంక్షన్లు, పవర్ ఆన్, పవర్ ఆఫ్. చిన్నదే కదా అని పైపైన చూసి ఓకే చెప్పేయాలనిపిస్తుంది. అక్కడే ప్రమాదం.

మన ఊళ్ళో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు కదా. ఆపరేటర్ ఫీడర్ ఆఫ్ చేసి బుక్కులో రాస్తాడు. బుక్కులో ఆఫ్ అని ఉండి తీగలో కరెంటు ఉంటే ఏమవుతుందో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. జెన్‌పీడీ కూడా అలాంటి బుక్కే. అది హార్డ్‌వేర్‌ని నేరుగా చూడదు, డ్రైవర్ చెప్పిందే రాసుకుంటుంది. కాబట్టి రివ్యూలో అడగాల్సింది ఒకటే: బుక్కులో ఉన్నదీ, చిప్‌లో ఉన్నదీ ఒకటేనా? మూడు చోట్ల చూడండి.

మొదటిది, బూట్ టైమ్. డొమైన్‌ని రిజిస్టర్ చేసేటప్పుడు, ఇది ఇప్పుడు ఆఫ్‌లో ఉందా అని ఒక పారామీటర్ ఇవ్వాలి. నిజంగా ఆన్‌లో ఉంటే ఆఫ్ అని రాశామనుకోండి, ఎవరూ వాడని డొమైన్లని కెర్నెల్ ఆపేసేటప్పుడు దీన్ని వదిలేస్తుంది, ఇది ఆఫ్‌లోనే ఉందిగా అనుకుని. బ్యాటరీ తింటూనే ఉంటుంది. రివర్స్‌లో, ఆఫ్‌లో ఉన్నదాన్ని ఆన్ అని రాస్తే, పవర్ ఆన్ ఫంక్షన్‌ని ఎవరూ పిలవరు. జీపీయూ డ్రైవర్ నేరుగా వెళ్ళి కరెంటు లేని బ్లాకుని ముట్టుకుంటుంది. చాలా చిప్‌లలో ఫోన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. అందుకే గుడ్డిగా ట్రూ, ఫాల్స్ అని రాయకుండా, వీలైతే హార్డ్‌వేర్ స్టేటస్ చదివి ఇవ్వాలి.

రెండోది, వెయిటింగ్. ఆన్ చేయమని చెప్పగానే బ్లాక్ రెడీ అయిపోదు, స్టేటస్ బిట్ మారేదాకా ఆగాలి. అక్కడ టైమవుట్ లేని వైల్ లూప్ కనిపిస్తే వెంటనే ఆపండి. టైమవుట్ ఉంది సరే, అది దాటినా సున్నా రిటర్న్ చేస్తున్నారా? అంటే ఫెయిలైనా సక్సెస్ అని బుక్కులో రాయిస్తున్నట్టే. ఇంకో మెలిక: డొమైన్‌కి ఐఆర్‌క్యూ సేఫ్ ఫ్లాగ్ ఉంటే అక్కడ స్పిన్‌లాక్ ఉంటుంది, నిద్రపోయే ఫంక్షన్లు వాడకూడదు. పోలింగ్‌కి అటామిక్ వెర్షనే వాడాలి.

మూడోది, సగంలో ఫెయిలైతే? సప్లయ్ ఇచ్చారు, తర్వాత క్లాక్ ఆన్ కాలేదు. డ్రైవర్ ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేసింది. బుక్కులో ఆఫ్ అనే ఉంది, కానీ సప్లయ్ ఆన్‌లోనే ఉండిపోయింది! ఎర్రర్ వచ్చిన చోటు నుంచి, చేసినవన్నీ వెనక నుంచి ముందుకి ఒక్కొక్కటిగా విప్పుకుంటూ రావాలి.

ఈ మూడూ మామూలు టెస్టింగ్‌లో దొరకడం కష్టం, ఎందుకంటే అన్నీ సజావుగా ఉన్నప్పుడు అంతా పనిచేస్తుంది. అందుకే మనిషి కూర్చుని ఎర్రర్ దారులు చదవాలి. నా బోర్డులో పనిచేస్తోంది అని ఎవరైనా అంటే, టైమవుట్ వచ్చేలా చేసి చూశారా అని అడగండి.

కెర్నెల్ సోర్స్ ఓపెనే. డ్రైవర్స్ ఫోల్డర్‌లో పీఎండొమైన్ తెరిచి, ఏదైనా ఒక చిన్న డ్రైవర్ తీసుకుని ఈ మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఏం దొరికిందో కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. మళ్ళీ కలుద్దాం, బై!