తెరచి ఉన్న ద్వారం, దక్కని అనుమతి

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన మనకు కనిపించే హక్కులనూ, కనిపించని హక్కులనూ నిర్ణయించాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందుగా నాకూ, మీకూ హితవు చెప్పుకుంటున్నాను.

గోదావరి డెల్టా బిడ్డలు నేడు గల్ఫ్ దేశాలలో, అమెరికాలో, బ్రిటన్‌లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అటువంటి యువకునికి కలిగే ఒక సందేహాన్ని నేటి ప్రసంగానికి అంశంగా తీసుకుందాం. అతను నివసించే చోటికి దగ్గరలో ఒక గోల్ఫ్ మైదానం ఉంది. దాని అంచున ఆట నేర్చుకునేవారి కోసం సాధన స్థలం ఉంది. గేటు లేదు, కాపలాదారు లేడు. సాయంత్రం వెళ్లి నాలుగు బంతులు కొట్టుకుని వస్తే అడిగేవారు లేరు. రుసుము చెల్లించకుండా ఆ స్థలాన్ని వాడుకోవడం ధర్మసమ్మతమేనా?

మండపేటలో వరి చేలు, కొబ్బరి తోటలు, బియ్యం మిల్లుల మధ్య బ్రతికే మనకు ఈ గోల్ఫ్ ముచ్చట ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. సోదరులారా! ఆట వేరు కావచ్చు గాని ధర్మం ఒక్కటే. పరాయివారి స్థలాన్ని, పరాయివారి వస్తువును ఎంతవరకు వాడుకోవచ్చు అన్నదే అసలు ప్రశ్న. అది అమెరికాలోని పచ్చిక బయలుకూ, మన మసీదు ముందున్న వీధికీ సమానంగా వర్తిస్తుంది.

ముందుగా ఆ స్థలం ఎటువంటిదో తెలుసుకుందాం. గోల్ఫ్ సాధన స్థలంలో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదటిది దూరంగా బంతులు కొట్టే చోటు. అక్కడ బకెట్టు లెక్కన బంతులను డబ్బు తీసుకుని ఇస్తారు. ఆ బంతులపై గుర్తుగా చారలుంటాయి. వాటిని తిరిగి పోగుచేయడానికి మనుషులు, యంత్రాలు పనిచేస్తాయి. రెండవది బంతిని మెల్లగా దొర్లించి రంధ్రంలో పడవేసే చిన్న పచ్చిక. ప్రజలందరికీ తెరచి ఉంచిన అనేక మైదానాలలో దీనిని రుసుము లేకుండానే వాడుకోనిస్తారు. సభ్యుల కోసమే నడిచే క్లబ్బులలో మాత్రం అది సభ్యులకూ, వారి అతిథులకూ పరిమితం. మూడవది ఇసుక గుంటల నుండి బంతిని బయటికి కొట్టడం నేర్చుకునే చోటు. కాబట్టి "డబ్బు కట్టకుండా ఆడవచ్చునా?" అన్న ప్రశ్నకు అన్ని చోట్లా ఒకే జవాబు ఉండదు. ఆ స్థలం ఎవరిది, వారు దేనికి అనుమతించారు అన్నదానిని బట్టి జవాబు మారుతుంది.

ఇక్కడ మనం గ్రహించవలసిన మొదటి విషయం: వస్తువును ఎత్తుకుపోతేనే ఇతరుల హక్కును కాజేసినట్లు కాదు. వాడుకుని అక్కడే వదిలి వచ్చినా హక్కుకు భంగం కలగవచ్చు. ధర్మశాస్త్ర పండితులలో అధిక సంఖ్యాకులు వస్తువుతోపాటు దాని ప్రయోజనాన్ని కూడా ఆస్తిగానే పరిగణించారు. ఈ విషయంలో హనఫీ పండితుల సూత్రం కొంత భిన్నమైనది. అయినప్పటికీ అద్దెకివ్వడానికే సిద్ధం చేసి ఉంచిన ఆస్తిని అనుమతి లేకుండా వాడుకుంటే తగిన ప్రతిఫలం చెల్లించవలసి ఉంటుందని వారు కూడా పేర్కొన్నారు. హనఫీ ధర్మశాస్త్రం ఆధారంగా ఉస్మానీ రాజ్యంలో 1869-1876 మధ్య క్రోడీకరించిన 'మజల్లా' అనే న్యాయస్మృతిలోనూ ఈ నియమం చోటుచేసుకుంది. డబ్బు తీసుకుని వాడుకోనిచ్చే సాధన స్థలం ఈ కోవకు చెందినదే.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇతరుల పశువుల పాలను యజమాని అనుమతి లేకుండా పిండరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. మీ ధాన్యపు కొట్టును ఎవరైనా పగలగొట్టి అందులోని ఆహారాన్ని తీసుకుపోతే మీకు సమ్మతమేనా అని ప్రశ్నించారు. పశువుల పొదుగులే వాటి యజమానులకు కొట్లవంటివని బోధించారు. ఆలోచించండి! పొదుగుకు తాళం ఉండదు. పచ్చిక బయలులో మేసే పశువు చుట్టూ గోడ ఉండదు. పాలు పిండినా పశువు ఎక్కడిదక్కడే ఉంటుంది. అయినా అది యజమాని సొత్తే. తాళం లేకపోవడం అనుమతి కాదు.

ప్రియ సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నూర్ సూరా 27, 28, 29 ఆయతులు ఈ విషయంలో మనకు చక్కని కొలబద్దను ఇస్తున్నాయి. ఇతరుల ఇళ్లలోకి ప్రవేశించే ముందు అనుమతి కోరాలని, సలాం చేయాలని మొదటి ఆయతు ఆదేశిస్తోంది. తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లిపోవాలని, అదే మనకు పరిశుద్ధమైన పద్ధతి అని రెండవ ఆయతు చెబుతోంది. ఎవరి నివాసమూ కాని, మనకు ప్రయోజనం ఉన్న స్థలాలలో ప్రవేశించడం దోషం కాదని మూడవ ఆయతు వెసులుబాటు కల్పిస్తోంది. ఆ వెంటనే, మీరు బయటపెట్టేదీ, దాచేదీ అల్లాహ్ ఎరుగునని హెచ్చరిస్తోంది.

ఈ మూడు ఆయతులనూ ఆ యువకుని సందేహానికి అన్వయించి చూడండి. ప్రజల కోసం తెరచి ఉంచిన పచ్చిక అయితే సంకోచం లేకుండా వెళ్లవచ్చు. అనుమతి ఉన్నచోట పేదవాడు సిగ్గుపడవలసిన పని లేదు. ఉన్నదో లేదో తెలియకపోతే కార్యాలయంలో ఒక్క మాట అడగాలి. కుదరదంటే వాదించకుండా, మనసులో కోపం పెట్టుకోకుండా తిరిగి రావాలి. 'అడిగితే కాదంటారేమో' అన్న భయంతో అడగకుండా వాడుకోవడమే అసలు దోషం. ఆ భయమే మన హృదయం మనకు వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యం.

ఆయా ప్రాంతాల ఆచారాన్ని కూడా ఇస్లామీయ ధర్మశాస్త్రం గౌరవిస్తుంది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో శతాబ్దాల చరిత్ర ఉన్న ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం ఉంది. ఆదివారాలలో సాధారణంగా అక్కడ ఆట ఆపి, పట్టణవాసులు నడిచేందుకు వదిలిపెడతారు. అక్కడ అది ఆచారం. ఇతరచోట్ల అలా నడిస్తే అతిక్రమణ కావచ్చు. మన తెలుగునాట హైదరాబాదులోని గోల్కొండ కోటకు చెందిన నయా ఖిలాలో గోల్ఫ్ మైదానం ఉంది. ఆ ప్రాంతంలోనే ముల్లా ఖయాలీ మసీదు, శతాబ్దాల నాటి మహావృక్షం ఉన్నాయి. చారిత్రక కట్టడాన్ని చూడటానికి దారి లభించినంత మాత్రాన ఆట పచ్చికను తొక్కే హక్కు వచ్చినట్లు కాదు. ప్రతి అనుమతికీ ఒక హద్దు ఉంటుంది.

ఆ హద్దును తెలిపే మరొక సంఘటన అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. హజ్రత్ రాఫె బిన్ అమ్ర్ (రజియల్లాహు అన్హు) బాల్యంలో అన్సారుల ఖర్జూర చెట్లపై రాళ్లు రువ్వుతుండగా పట్టుకుని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సమక్షానికి తెచ్చారు. ఎందుకు రువ్వుతున్నావని ఆయన అడిగారు. ఆకలి వల్లనని పిల్లవాడు చెప్పాడు. రాళ్లు రువ్వవద్దని, క్రింద రాలిన పండ్లు తినమని ఆయన చెప్పారు. ఆ పిల్లవాని తల నిమిరి, అతని కడుపు నింపమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఎంతటి కారుణ్యం! ఎంతటి న్యాయం! ఆకలిగొన్నవాడికి దారి చూపారు, చెట్టుకు దెబ్బ తగలకుండా కాపాడారు. కొబ్బరి తోటల మధ్య బ్రతికే మనకు ఈ బోధ వేరే వివరణ అవసరం లేకుండానే అర్థమవుతుంది.

కాబట్టి ఉచితంగా లభించిన పచ్చికపై సాధన చేసేవాడు కూడా బాధ్యత నుండి విముక్తుడు కాడు. దొర్లించే పచ్చికపై ఎగురగొట్టవద్దని బోర్డు ఉంటే కొట్టరాదు. పచ్చికకు గుంట పడితే సరిచేయాలి. ఇసుకలో తన అడుగుల జాడలను పార చదునుతో సవరించి రావాలి. డబ్బు కట్టిన వారు ఆటకు ముందు సాధన కోసం వస్తే చోటు ఇవ్వాలి. చారల బంతి ఒక్కటి కూడా జేబులో వేసుకుని ఇంటికి తేరాదు. వేరొకరు డబ్బు కట్టి వదిలిన బంతులను కూడా యాజమాన్యం సమ్మతి తెలియకుండా వాడరాదు. తెల్లవారక ముందే ఆ గడ్డిని కత్తిరించి, నీరు పెట్టే కూలీ ఒకడుంటాడు. రుసుము కట్టనివాడు ఆ శ్రమకు చెల్లించగలిగిన మూల్యం జాగ్రత్త ఒక్కటే.

సోదరులారా! హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, వాటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపిన హదీసును హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించారు. ఇతరులకు నిషేధించిన బీడు అంచున పశువులను మేపే కాపరి ఏ క్షణమైనా లోపలికి జారిపోవచ్చునని అందులో ఉపమానం ఉంది. మొదటి రోజు ఉచిత పచ్చిక, రెండవ రోజు ఒక చారల బంతి, నెల తిరిగేసరికి చీకటి పడ్డాక మైదానం లోపలే ఆట! మనిషి హద్దును ఒక్కసారిగా దూకడు, అడుగడుగుగా జరుగుతాడు.

గోల్ఫ్ ఆటలో ప్రతి ఆటగాని వెంట న్యాయనిర్ణేత ఉండడు. తన తప్పును తానే ప్రకటించుకోవడం ఆ ఆట సంప్రదాయం. 1925లో అమెరికా జాతీయ గోల్ఫ్ పోటీలో బాబీ జోన్స్ అనే ప్రసిద్ధ ఆటగాడు బంతిని కొట్టబోతుండగా అది కొద్దిగా కదిలింది. ఇతరులెవరూ చూడలేదు. అయినా ఆయన తనపై తానే ఒక దెబ్బ అదనంగా వేసుకున్నాడు. చివరికి ఆ పోటీలో ఓడిపోయాడు. ఆట నియమం కోసమే ఒక మనిషి ఇంత నిజాయితీ చూపగలిగితే, అల్లాహ్ తనను చూస్తున్నాడని విశ్వసించే మోమిన్ ఎంత జాగరూకుడై ఉండాలి!

యజమాని ముస్లిం కానంత మాత్రాన అతని హక్కు తేలిక అవుతుందని ఎవరూ భ్రమపడరాదు. హిజ్రత్ రాత్రి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తనను హింసించిన మక్కావాసుల అమానతులను సైతం తిరిగి అప్పగించే బాధ్యతను హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు)కు ఒప్పగించి వెళ్లారు. శత్రువు సొమ్ముకే అంత భద్రత ఉంటే, ఇరుగుపొరుగువారి హక్కు మాటేమిటి?

ఇక మన వీధికి వద్దాం. జుమా రోజున ఆలస్యంగా వచ్చి, మోటారు సైకిలును ఎదుటి దుకాణం మెట్ల ముందు నిలిపి, 'నమాజుకే కదా' అనుకునే సోదరులున్నారు. ఆ దుకాణదారు ముఖం చూసి ఏమీ అనలేకపోవచ్చు. అతని మౌనం సమ్మతి కాదు. మన ఆరాధన ఖర్చును అతని బేరంపై వేయడం న్యాయమా? మన పొలాలకు ధవళేశ్వరం ఆనకట్ట నుండి కాలువల ద్వారా నీరు వస్తుంది. ప్రవహించే నీరు ఎవరి ఇంటి సొత్తూ కాదు. అయినా వంతు తప్పించి తూము ఎత్తినవాడు శివారు రైతు గింజను తిన్నట్లే. ఉచితమైనది హక్కులు లేనిది కాదు.

స్థలం కలిగినవారికీ ఒక మాట. చిన్నపాటి వాడుక వస్తువులను సైతం ఇతరులకు నిరాకరించేవారిని అల్‌మాఊన్ సూరా గర్హిస్తోంది. మీ ఖాళీ స్థలంలో పిల్లలు ఆడుకోవడం వల్ల నష్టం లేకపోతే నోరారా అనుమతించండి. అనుమతి ఇవ్వడం పుణ్యం, అడిగి తీసుకోవడం మర్యాద. ఈ రెండూ ఉన్నచోట దొంగతనానికి అవసరమే ఉండదు.

ఈ మాట చెప్పి నా కోసం, మీ కోసం అల్లాహ్‌ను క్షమాభిక్ష కోరుతున్నాను. మీరూ కోరండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రం, ఆయన ప్రవక్తపై దరూద్, సలాం.

సోదరులారా! ఇప్పటికే ఇతరుల హక్కును వాడుకున్నవారు ఏమి చేయాలి? మనుషుల హక్కు విషయంలో నాలుకతో చేసే తౌబా ఒక్కటే సరిపోదు. వస్తువు ఉంటే తిరిగి ఇవ్వాలి. వాడుకున్నదానికి వెల ఉంటే చెల్లించాలి, లేదా యజమానిని మన్నింపు అడగాలి. ఈ రోజు ఒక రుసుముతో తీరిపోయే బాకీ, తీర్పుదినాన మన పుణ్యాలతో తీర్చవలసి వస్తుంది.

ఓ అల్లాహ్! నీవు ధర్మసమ్మతం చేసిన దానితోనే మాకు సంతృప్తిని ప్రసాదించు. అడగడానికి సిగ్గు లేని నాలుకనూ, అడగకుండా తీసుకోవడానికి సిగ్గుపడే హృదయాన్నీ మాకు అనుగ్రహించు. దూరదేశాలలో ఉన్న మా బిడ్డలను కాపాడు, వారి నడవడిని మా ధర్మానికి మంచి సాక్ష్యంగా చేయి. మా పొరుగువారు మా వల్ల నిశ్చింతగా ఉండేలా చేయి. ఆమీన్!