మోసే నలుగురు

(తెలుగు సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబం, స్నేహం, సంఘజీవితం గురించి క్రైస్తవ దృష్టితో కొన్ని మాటలు చెప్పమని కోరారు. ఈ సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. అందుచేత మనందరికీ సొంతమైన ఒక తెలుగు మాటతోనే మొదలుపెడతాను. ఆ మాట "నలుగురు".

మన భాషలో నలుగురంటే లెక్కకు నలుగురే కాదు, లోకమంతా. "నలుగురూ ఏమనుకుంటారు?" అని భయపడతాం. "నలుగురికీ పనికిరా" అని పిల్లలకు బుద్ధి చెబుతాం. చివరికి పాడె మోయడానికైనా నలుగురు కావాలంటాం.

మార్కు సువార్త 2వ అధ్యాయంలోనూ ఒక నలుగురున్నారు. కపెర్నహూములో యేసు ప్రభువు ఒక ఇంట బోధిస్తున్నారు. వాకిట్లో కూడా నిలబడే చోటు లేదు. పక్షవాతంతో పడివున్న ఒకాయనను నలుగురు మోసుకొచ్చారు. జనంలో దారి దొరకలేదు. వారు వెనుదిరగలేదు. ఇంటి కప్పు ఎక్కి, దానిని విప్పి, పడకతో సహా ఆయనను లోపలికి దింపారు. రాయలసీమ మట్టిమిద్దెలు ఎరిగినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. దూలాలు, వాటిపై కట్టెలు, ఆపైన మట్టి. ఆనాటి పాలస్తీనా ఇళ్ళూ ఇంచుమించు అటువంటివే.

ఆ నలుగురి పేర్లు ఎక్కడా లేవు. అన్నదమ్ములో, ఇరుగుపొరుగువారో కూడా వ్రాయలేదు. కాని ప్రభువు చూసినది వారి విశ్వాసమని మాత్రం సువార్తికుడు స్పష్టంగా వ్రాశాడు. ఒకరు నడవలేనప్పుడు ఇంకొకరి విశ్వాసం కాళ్ళవుతుంది. చనిపోయినవాణ్ణి నలుగురు మోయడం లోకాచారం. బ్రతికివున్నవాణ్ణి నలుగురు మోయడం దైవకార్యం.

ఇక కుటుంబం సంగతి. అత్తాకోడళ్ళ మీద మనకు సామెతలకు కొదవ లేదు. బైబిలులో రూతు కథ వాటికి ఎదురునిలుస్తుంది. ఆమె మోయాబు దేశపు పిల్ల. భర్త పోయాక, పుట్టింటికి వెళ్ళిపొమ్మని అత్త నయోమి ఇద్దరు కోడళ్ళనూ బతిమాలింది. ఓర్పా ఏడుస్తూ వెళ్ళింది. రూతు వెళ్ళలేదు. అత్తతో బేత్లెహేముకు వచ్చి, కోతగాళ్ళ వెనుక పరిగె ఏరి ఆమెను పోషించింది. మత్తయి వ్రాసిన యేసు వంశావళిలో ఈ పరదేశపు కోడలి పేరు ఉంది. రక్తసంబంధం పుట్టుకతో వస్తుంది. రూతు చూపిన సంబంధం మనసు పెట్టి నిలుపుకోవలసినది. ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చి, కారు నడపలేక, పలకరించేవారు లేక, కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునే తల్లిదండ్రులు మన ఇళ్ళలో ఉన్నారు. వారానికి ఒక్క సాయంత్రం వారిని ఎవరి ఇంటికైనా తీసుకువెళ్ళడం కూడా పరిగె ఏరడంతో సమానమే.

పరదేశంలో సంఘం ఎలా నిలుస్తుందో మన పెద్దలు చూపించారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. 1911 వరకు అలా ఓడలు వెళుతూనే ఉన్నాయి. వాటిలో నేటాల్ చేరినవారిలో తెలుగువారు ఎందరో. వారి కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు బయలుదేరారు. ఆయనను పంపినది తెలుగు బాప్టిస్టుల సొంత సంఘం. కియర్స్నీ తేయాకు తోటల్లో పనిచేసే తెలుగువారితో ఆ సంవత్సరమే సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేవరకు రంగయ్యగారు ఆ దేశంలోనే సేవ చేశారు. మోసే చేతులే సముద్రం దాటి వెళ్ళాయి.

మరి ఇక్కడ మనం? ఒకరు అకస్మాత్తుగా చనిపోతే మనవారు వెంటనే కదులుతారు. చందాలు పోగుచేస్తారు. మరణ ధ్రువపత్రం, కాన్సులేటు కాగితాలు, విమానం ఏర్పాట్లు అన్నీ చూస్తారు. ఇది గొప్ప సుగుణం. కాని హెచ్-1బి వీసా మీద ఉన్న కుర్రవాడికి ఉద్యోగం పోతే, సాధారణంగా 60 రోజులే గడువు. ఆ 60 రోజులూ అతడు ఎవరికీ చెప్పడు. నలుగురిలో లోకువైపోతానని భయం. భార్యతో మాట పడనివారు, తాగుడుకు లోనైనవారు, జబ్బు దాచుకున్నవారు ఇలాగే తలుపులు వేసుకుంటారు. పాడెకు వచ్చే నలుగురు, తలుపు మూసివున్నప్పుడే రావాలి. అవసరమైతే కప్పు విప్పాలి!

ఆ రోగి గురించి కూడా ఒక మాట. ఆయన తనను మోయనిచ్చాడు. చేయి చాచి సహాయం అడగడం మనకు నామోషీ. మోయడానికి ఎంత ప్రేమ కావాలో, మోయించుకోవడానికి అంత వినయం కావాలి.

కనుక ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక కాగితం తీసుకోండి. అర్ధరాత్రి ఫోను చేయగల నలుగురి పేర్లు వ్రాయండి. పక్కనే, ఎవరి నలుగురిలో మీరు ఒకరో వ్రాయండి. రెండవ వరుస ఖాళీగా ఉంటే రేపే ఒక తలుపు తట్టండి.

మన ఇళ్ళను, స్నేహాలను, ఈ సంఘాన్ని దేవుడు దీవించునుగాక.