రేనాటి తిరుగుబాటు, పొరుగు దర్బారులు

దత్తమండలాలుగా చెలామణి అయిన ఈ నేలకు రాయలసీమ అనే పేరును 1928లో చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదించింది ఈ నంద్యాలలోనే. అలాంటి ఊళ్లో అధ్యక్షస్థానం ఇచ్చారు. ఈ నేల చరిత్రే మాట్లాడతాను.

ఒకచోట జనం తిరగబడితే పొరుగు రాజ్యాలు న్యాయాన్యాయాలు చూడవు. తమ ఖజానా, తమ భయం చూసుకుంటాయి. అమెరికా వలసలు ఇంగ్లండుపై లేచినప్పుడు 1778లో ఫ్రాన్సు రాజు వాళ్లతో చేయి కలిపాడు. ఇంగ్లండు మీద పాత పగ అది. హైతీలో బానిసలు గెలిచి 1804లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, అదే అమెరికా 1862 దాకా ఆ దేశాన్ని గుర్తించలేదు. తన తోటల్లోని బానిసలకూ ధైర్యం వస్తుందని జంకింది.

ఇక ఈ సీమలోని మన రేనాడు. ఆళ్లగడ్డ పక్కనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో కోయిలకుంట్లలోని ఈస్టిండియా కంపెనీ ఖజానాపై పడ్డాడు. అక్టోబరులో చిక్కాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోటకు వేలాడదీసి, 1877 దాకా దింపలేదు. ఇంతవరకూ మన పిల్లలకూ తెలుసు. పొరుగు దర్బారులు ఏం చేశాయని మాత్రం మనం అడగలేదు.

హైదరాబాదు జవాబు నలభై ఆరేళ్ల ముందే రాసిపెట్టి ఉంది. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు. పాలెగాళ్ల అధికారం పోయి పింఛన్లు మిగిలాయి. తాత నొస్సం జయరామిరెడ్డి పింఛను తనకు దక్కలేదన్నదే నరసింహారెడ్డి మొదటి ఫిర్యాదు. సైన్యానికి వెలగా ఇచ్చిన నేల కోసం నిజాం ఆ సైన్యంపైనే కత్తి దూస్తాడా?

కర్నూలు సంగతి ఇంకా బాధాకరం. ఆయుధాలు దాచి కుట్ర పన్నాడని 1839లో కంపెనీ నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టి తిరుచిరాపల్లికి పంపింది. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. అదే కుట్ర ఆరోపణ మీద నిజాం తన తమ్ముడు ముబారిజుద్దౌలాను గోల్కొండలో బంధించాడు. సొంత తమ్ముణ్ణే కాపాడని దర్బారు రేనాటి రెడ్డిని కాపాడుతుందా? నరసింహారెడ్డి లేచేనాటికి రాయబారం పంపడానికి కర్నూలు గద్దె లేదు. బనగానపల్లె ఉన్నా, చిన్న జాగీరు.

అయినా హైదరాబాదు, కర్నూలు వైపుల నుంచి కొందరు జాగీర్దారులు తోడు నిలిచారని చెప్పుకుంటారు. నాకు ఆ మాట విలువైనది. దర్బారులు కదలనప్పుడూ మనుషులు కదిలారన్నమాట. దాన్ని పొగడ్తగా వాడుకుని వదిలేయకూడదు, నిగ్గు తేల్చాలి.

అందుకే ఈ సభ ముందు ఒక పని పెడుతున్నాను. మన దగ్గర రేనాటి పాటలున్నాయి, కంపెనీ ఉత్తరాలున్నాయి. మూడో గొంతు హైదరాబాదులో, తార్నాక రాష్ట్ర ఆర్కైవ్స్‌లోని పార్సీ దస్త్రాల్లో వెతకాలి. 1846 జూలై నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా ఒక్కొక్క కాగితం చూడాలి. నంద్యాల, ఆళ్లగడ్డ కళాశాలల నుంచి ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు పార్సీ నేర్పించే ఖర్చు భరించాలని ఈ మధ్యాహ్నమే తీర్మానం చేద్దాం.